ఆ ప్రశ్న అడిగింది నేనే

పోయిన నెల కామర్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లు సెమినార్ హాల్లో పెట్టిన సభకి మనలో చాలామంది వెళ్లాం. ‘వ్యాపార రంగంలో మహిళా నాయకత్వం’ అని బ్యానర్ కట్టారు. వచ్చిన అతిథి అంబత్తూరు వైపు ఒక విడిభాగాల కంపెనీలో జనరల్ మేనేజర్. ఆమె నలభై నిమిషాలు మాట్లాడారు. 2015 డిసెంబర్ వరదల్లో ఫ్యాక్టరీలోకి నీళ్లొచ్చి యంత్రాలు మునిగితే మళ్లీ పని ఎలా మొదలుపెట్టారో, ఉన్న కొంచెం సరుకు ముందు ఏ కస్టమర్‌కి పంపాలి, ఎవరికి ఫోన్ చేసి క్షమించమని అడగాలి అన్నది ఎలా తేల్చుకున్నారో చెప్పారు. నిజంగా నోట్సు రాసుకోవాల్సిన మాటలు.

తర్వాత ప్రశ్నలడగండి అన్నారు. ఎవరూ లేవలేదు. మైకు నా దగ్గరికి వచ్చింది. నేను లేచి, “మేడమ్, ఇంత పెద్ద బాధ్యత మోస్తూ ఇంటిని ఎలా బ్యాలెన్స్ చేస్తున్నారు?” అని అడిగాను. హాలంతా చప్పట్లు. మంచి ప్రశ్న వేశానని నేనూ పొంగిపోయాను.

ఆమె ఒక్క క్షణం ఆగి నవ్వారు. “మా అత్తగారున్నారమ్మా, వంటమనిషి ఉంది. అదృష్టం” అన్నారు. ఇంకేదో చెప్పబోయారు గానీ టైమైపోయిందని జ్ఞాపిక తెచ్చి చేతికిచ్చేశారు.

రెండు వారాలకి అదే హాల్లో ఒక ఆడిటర్ గారు వచ్చారు. ఆయనకి ఇద్దరు పిల్లలని పరిచయంలోనే చదివారు. జీఎస్టీ గురించి అడిగాం, సీఏ ఎలా చదవాలో అడిగాం, ఆర్టికల్‌షిప్‌లో స్టైపెండ్ ఎంతిస్తారని కూడా అడిగాం. ఇల్లెలా నడుస్తోందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగాలని తోచనే లేదు. బస్సులో ఇంటికి పోతుంటే పెరంబూర్ దాటాక హఠాత్తుగా తోచింది. అప్పట్నించీ మనసులో ముల్లులా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. గోడపత్రికలో నాకిచ్చింది రెండు చార్టుల జాగా. మూడు పట్టింది. మేడమ్ క్షమించాలి.

ఈ విషయం మీద మామూలుగా వినే వాదం ఒకటుంది. ఆడవాళ్లని ఆ ప్రశ్న అడగకూడదు, వాళ్ల పని గురించే అడగాలి అని. మా క్లాసులో కూడా ఇద్దరు ముగ్గురు నన్ను అలాగే కోప్పడ్డారు. నేను ఒప్పుకోను. ప్రశ్నలో తప్పు లేదు. సగం మందినే అడగడం తప్పు. అడిగి జవాబు వినకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఆవిడ ఆ రోజు జవాబు చెప్పేశారు. అత్తగారున్నారు, వంటమనిషి ఉంది. ఆ జనరల్ మేనేజర్ కుర్చీ ఎవరి భుజాల మీద నిలబడి ఉందో రెండు ముక్కల్లో చెప్పారు. మనం ‘అదృష్టం’ అన్న మాట ఒకటే పట్టుకుని చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేశాం.

పాల కథ మీకందరికీ తెలిసే ఉంటుంది. మద్రాసులో పుట్టి, టీ నగర్ హోలీ ఏంజెల్స్‌లో చదువుకుని, పెప్సీకోకి సీఈఓ అయిన ఇంద్రా నూయి కథ. మనూరి అమ్మాయి అని ఇక్కడ ప్రతి సభలోనూ ఆమె పేరు వస్తుంది. 2000 సంవత్సరంలో ఒక రాత్రి, నువ్వు కంపెనీ ప్రెసిడెంట్‌వి కాబోతున్నావని ఆమెకి చెప్పారట. ఆ కబురు పట్టుకుని ఇంటికొస్తే వాళ్లమ్మ మెట్లమీదే ఆపి, నీ కబురు తర్వాత, ముందు పోయి పాలు పట్టుకురా అన్నారట. ఆయన ఎనిమిదింటికే ఇంటికొచ్చారు కదా, ఆయన్ని పంపకపోయావా అంటే, ఆయన అలసిపోయాడు అని జవాబు. పాలు తెచ్చి బల్లమీద కొట్టినట్టు పెట్టాక ఆ తల్లి చెప్పిందట, నువ్వు ఏ ప్రెసిడెంటువైనా ఇంట్లో అడుగుపెడితే భార్యవి, తల్లివి, కోడలివి, ఆ కిరీటం కారు షెడ్డులోనే పెట్టేసి రా అని. నూయి గారే 2014లో ఒక సభలో ఇది చెప్పారు. ఆడవాళ్లకి అన్నీ దక్కుతాయని నేననుకోవడం లేదని కూడా అక్కడే అన్నారు.

ఈ కథని మనవాళ్లు వినయానికి ఉదాహరణగా చెప్తారు. ‘ఎంత ఎదిగినా ఒదిగి ఉండాలి’ అనే వరుసలో. నాకు స్కూల్లో అలాగే చెప్పారు. ఇప్పుడు మళ్లీ తలుచుకుంటే వినయం సంగతి సరే, ఆ పాలు ఎవరు తేవాలి అన్నది ఎవరూ మాట్లాడలేదేమని అనిపిస్తుంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఇంటికొచ్చిన మనిషి అలసిపోలేదా? ఒకరి అలసట కనబడుతుంది, ఇంకొకరిది కనబడదు. ఇంకోటి కూడా ఉంది. ఆ తల్లి మీద కోపం తెచ్చుకోవడం సులువు. కానీ ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకునే మనిషి ఆ తల్లే. రేపొద్దున పాలు లేకపోతే ఎవరు ఏడుస్తారో ఆమెకి తెలుసు. ఆమె పని గురించి ఏ సభలోనూ ప్రశ్న లేదు.

నూయి గారు చెప్పిన ఇంకో సంగతి నాకు పాల కథకన్నా నచ్చింది. కూతురి బడిలో బుధవారం పొద్దున తొమ్మిదింటికి తల్లుల కాఫీ సమావేశం ఉండేదట. ఉద్యోగం చేసే తల్లి తొమ్మిదింటికి ఎక్కడికి పోతుంది? కూతురు ఇంటికొచ్చి, ఫలానా వాళ్లమ్మ వచ్చింది, ఫలానా వాళ్లమ్మ వచ్చింది, నువ్వే రాలేదు అని లెక్క చెప్పేదట. మొదట్లో ఆమె కుమిలిపోయారు. తర్వాత బడికి ఫోన్ చేసి రానివాళ్ల పేర్లు కూడా కనుక్కుని, కూతురు జాబితా చదివినప్పుడల్లా తనూ ఒక జాబితా చదవడం మొదలుపెట్టారట. చదివి నవ్వాను. కానీ చూడండి, ప్రపంచంలో అంత పెద్ద కంపెనీని నడిపే మనిషికి, తప్పు నాది కాదు అని నిరూపించుకోవడానికి జాబితా కావాల్సొచ్చింది. సమావేశం తొమ్మిదింటికే ఎందుకు, తల్లులకే ఎందుకు అని మాత్రం ఆ బడిలో ఎవరికీ అనిపించినట్టు లేదు.

ఇక మనదేశం లెక్కకొస్తాను. కామర్స్ చదివే పిల్లని, లెక్క లేకుండా మాట్లాడితే మా సార్ ఊరుకోరు.

కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ, మనుషులు రోజంతా ఏయే పనికి ఎంతసేపు ఖర్చు పెడతారని 2019లో సర్వే చేసింది. ఇంటిపని, అంటే వంట, తోముడు, ఉతుకుడు లాంటి జీతం లేని పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. 2024లో మళ్లీ చేశారు. ఈసారి ఆడవాళ్లకి 289, మగవాళ్లకి 88. ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గింది కదా అని సంతోషించేలోపల రెండో అంకె చూడాలి. మొదటిసారి తేడా 202 నిమిషాలు. రెండోసారి 201. ఐదేళ్లలో ఒక్క నిమిషం. మధ్యలో కరోనా వచ్చింది, ఇంటినుంచి పని వచ్చింది, మగవాళ్లందరూ నెలల తరబడి ఇంట్లోనే ఉన్నారు. అయినా ఒక్క నిమిషం.

అది కూడా ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ల సగటు మాత్రమే. అసలు ముట్టుకున్న మగవాళ్లు నూటికి పాతిక ముప్పై మధ్యలోనే ఉన్నారు. ఆడవాళ్లు ఎనభై దాటారు. నేను మా ఇంట్లో వారం రోజులు గడియారం పెట్టి చూశాను. ఆ సంగతి చివర్లో చెప్తాను, నాకు అంత గొప్ప విషయం కాదది.

మా అక్క ఒక బ్యాంకులో ఆఫీసరు. ఏ బ్యాంకో వద్దులెండి. చేరినప్పుడు వాళ్ల బ్యాచ్‌లో మొదటి వరుసలో ఉంది. పోయిన ఏడాది పై స్కేలుకి ప్రమోషన్ పరీక్ష వచ్చింది. రాస్తే వస్తుందని వాళ్ల మేనేజరే చెప్పారు. అక్క అప్లికేషనే పెట్టలేదు. ఎందుకంటే ప్రమోషన్‌తో బదిలీ వస్తుంది. వేరే జిల్లా కావచ్చు, వేరే రాష్ట్రం కావచ్చు. బాబుకి మూడేళ్లు. వాళ్ల అత్తగారికి మోకాళ్లు పట్టేసి మేడ మెట్లు ఎక్కలేరు. మా అమ్మ పోయి అక్కడ ఉండాలంటే ఇక్కడ అవ్వని చూసేవాళ్లు లేరు.

రెండేళ్ల ముందు మా బావకి ప్రమోషన్ వచ్చి కోయంబత్తూరు వేశారు. ఆయన ఏడాది అక్కడున్నారు. శనివారం వచ్చి ఆదివారం రాత్రి చేరన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లు. అప్పుడు బాబుకి ఏడాది. వద్దనాలా అని ఇంట్లో చర్చే జరగలేదు. స్వీట్లు పంచాం. బావ మంచివాడు, ఆ మాట చెప్పకపోతే నాకు పాపం. ఆయన అక్కని ఆపలేదు. “నీ ఇష్టం, నువ్వెట్లంటే అట్ల” అన్నారు. అదే నాకు నచ్చనిది. ఆయనకి ప్రమోషన్ వచ్చినప్పుడు అది ఇంటి సంగతి, అందరం సర్దుకున్నాం. అక్కకి వచ్చినప్పుడు అది అక్క ఇష్టం. ‘ఇష్టం’ అన్న మాట ఎంత మర్యాదగా తలుపు మూసేస్తుందో అప్పుడే చూశాను.

నేనేం చేశాను అంటే, “అత్తగారున్నారు కదక్కా, చూసుకుంటారులే” అన్నాను. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, మెట్లు దిగలేని మనిషిని, మూడేళ్ల పిల్లాడి వెనక పరుగెత్తమన్నాను. అక్క ఏమీ అనలేదు. నావైపు చూసి ఊరుకుంది.

బ్యాంకుల్లో పైకి పోయిన ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు. మన చెన్నైలో హెడ్డాఫీసు ఉన్న ఇండియన్ బ్యాంక్‌కి 2000లో రంజనా కుమార్ అధిపతిగా వచ్చారు. నష్టాల్లో మునిగిన బ్యాంకుని గట్టెక్కించిన కథని మా బ్యాంకింగ్ పేపర్‌లో చెప్తారు. 2013లో అరుంధతీ భట్టాచార్య స్టేట్ బ్యాంక్ చైర్‌పర్సన్ అయ్యారు. ఆ బ్యాంకు రెండు వందల ఏళ్ల చరిత్రలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి. ఆమె కూడా కూతురి చదువు దగ్గర వచ్చిన ఇబ్బందితో ఒక దశలో ఉద్యోగం మానేద్దామనుకున్నానని చెప్పుకున్నారు. పైకొచ్చాక ఆమె చేసిన పనుల్లో ఒకటి, పిల్లల్నో పెద్దవాళ్లనో చూసుకోవాల్సిన ఉద్యోగినులకి రెండేళ్లదాకా సెలవు తీసుకుని మళ్లీ వచ్చి చేరే వీలు కల్పించడం. మంచి పనే. అయితే అది ఆడవాళ్లకి మాత్రమే ఇచ్చారు. రెండేళ్లు ఆగి వచ్చేసరికి పక్క సీటు ఆయన రెండు మెట్లు ఎక్కి ఉంటాడు. పెద్దవాళ్లని చూసుకునే సెలవు కొడుక్కి ఎందుకు ఉండకూడదో నాకర్థం కాదు. అవ్వ వాళ్ల అమ్మే కదా!

2023లో ఆర్థికశాస్త్రం నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అనే ఆవిడ చెప్పిందాన్ని మా ఎకనామిక్స్ మేడమ్ క్లాసులో వివరించారు. కొన్ని ఉద్యోగాలు అత్యాశ ఉద్యోగాలట. వారానికి నలభై గంటలు చేస్తే ఇంత, అరవై గంటలు చేస్తే దానికి ఒకటిన్నర రెట్లు అని లెక్క కాదు. ఎప్పుడు పిలిచినా పలికేవాడికే పెద్ద కుర్చీ, పెద్ద జీతం. అర్ధరాత్రి ఫోనెత్తే మనిషికి విలువ ఎక్కువ. అలాంటి ఉద్యోగం భార్యాభర్తలిద్దరూ చేస్తే, బడినుంచి ‘మీ పిల్లాడికి జ్వరం’ అని ఫోనొస్తే పోయేవాళ్లుండరు. కాబట్టి ఒకరు అత్యాశ ఉద్యోగంలోకి, ఇంకొకరు ‘అడ్జస్ట్’ ఉద్యోగంలోకి. ఆ ఇంకొకరు ఎవరో చెప్పక్కర్లేదు. ఇద్దరూ సమానంగా చదివినా, సమానంగా మొదలుపెట్టినా ఇదే జరుగుతుందన్నది ఆవిడ వాదం. మేడమ్ చెప్తున్నంతసేపూ నాకు మా అక్కా బావే కళ్లముందు.

చట్టం ఏం చేసింది? 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలన్నారు. తమిళనాడు ప్రభుత్వం తన ఉద్యోగినులకి 2021లో పన్నెండు నెలలు చేసింది. ఇవన్నీ కావాలి, వద్దనే మనిషి ఉండదు. కానీ మనం వ్యాపారం చదువుతున్నవాళ్లం, యజమాని వైపు నుంచి కూడా ఒకసారి లెక్క వేయాలి. ఆ 26 వారాల జీతం చాలా చోట్ల యజమానే భరించాలి. మగవాడిని తీసుకుంటే ఆ ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వంలో తండ్రికి పదిహేను రోజుల సెలవుంది. ప్రైవేటులో అదైనా ఇవ్వాలని చట్టం లేదు. దీంతో చిన్న కంపెనీవాడు ఇంటర్వ్యూలో ఏం చేస్తాడు? ‘పెళ్లయిందా? ఎప్పుడు?’ అని అడుగుతాడు. మన సీనియర్లని అడిగి చూడండి, ఎంతమందిని అడిగారో. తండ్రికి కూడా తప్పనిసరిగా సెలవుంటే, ఖర్చులో కొంత ప్రభుత్వం మోస్తే, ఆ ప్రశ్నకి పనే ఉండదు. సెలవు తల్లికి ఎంత పెంచారన్నదానికన్నా తండ్రికి ఎంత ఇచ్చారన్నదాన్నే నేను ముందు చూస్తాను.

2013 కంపెనీల చట్టం, లిస్టయిన ప్రతి కంపెనీ బోర్డులోనూ కనీసం ఒక ఆడమనిషి ఉండాలంది. గడువు దగ్గరపడేసరికి చాలా కంపెనీలు యజమాని భార్యనో కూతురినో తెచ్చి కూర్చోబెట్టాయని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అందుకే తర్వాత పెద్ద కంపెనీల్లో స్వతంత్ర డైరెక్టరుగా ఆడమనిషి ఉండాలని సెబీ కలిపింది. అంటే భార్యలు, కూతుళ్లు చేతకానివాళ్లని కాదు. మన చెన్నైలోనే చిత్తూరు జిల్లా అరగొండ నుంచి వచ్చిన ప్రతాప్ సి. రెడ్డి గారు 1983లో మొదలుపెట్టిన అపోలోని నలుగురు కూతుళ్లూ చూస్తున్నారు. వాళ్లలో ఒకరు, శోభనా కామినేని, 2017లో భారత పరిశ్రమల సమాఖ్య సీఐఐకి మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు. చిన్న విషయం కాదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సొంత వ్యాపారంలో గడియారం యజమాని చేతిలో ఉంటుంది. మధ్యాహ్నం పిల్లాడి బడికి పోయొస్తే అడిగేవాడుండడు. మా అక్క ఒక గంట పర్మిషన్‌కి ఫారం నింపాలి. సభల్లో ఈ ఇద్దరి కథలూ ఒకే గాటన కట్టి ‘మనసుంటే మార్గముంటుంది’ అనేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది.

సొంత వ్యాపారం అన్నాక మా పెద్దమ్మ గురించి చెప్పకుండా పోలేను. ఆమె వ్యాసర్పాడిలో ఇడ్లీ పిండి వ్యాపారం చేస్తుంది. మన భాషలో చెప్పాలంటే మావు. ముందు రెండు లీటర్ల గ్రైండరుతో మొదలుపెట్టింది, ఇప్పుడు పెద్ద టిల్టింగ్ గ్రైండర్లు మూడున్నాయి. ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. చుట్టుపక్కల కొట్లన్నిటికీ తెల్లారి ఐదుకల్లా ప్యాకెట్లు చేరాలి. ఎండాకాలంలో పిండి త్వరగా పులుస్తుందని ఐసునీళ్లు పోసి రుబ్బించడం, వానాకాలంలో మధ్యాహ్నమే రుబ్బడం మొదలుపెట్టడం, మినప్పప్పు ధర పెరగకముందే రెండు నెలలది కొని పెట్టుకోవడం, ఏ కొట్టువాడు అప్పు ఎగ్గొడతాడో మొహం చూసి చెప్పడం, ఇవన్నీ ఆమె తలలో ఉంటాయి. మా పుస్తకంలో మేనేజ్‌మెంట్ పనులని రాసిన ఐదూ ఆమె రోజూ తెల్లారేలోపల చేస్తుంది.

జీఎస్టీ నంబరు పెద్దనాయన పేరు మీద ఉంది. కరెంటు కనెక్షన్ ఆయన పేరు మీద. ప్యాకెట్ మీద ఆయన పేరే అచ్చు. ఆయన ఆటో తోలేవారు, ఇప్పుడు అదే ఆటోలో ప్యాకెట్లు వేస్తారు. అదేంది పెద్దమ్మా అని అడిగితే, “ఎవరి పేరైతే ఏముందే, డబ్బు ఇంటికే కదా వచ్చేది” అంది. పోయిన ఏడాది ఇంకో గ్రైండరుకి లోను కోసం బ్యాంకుకి పోతే ‘నీ పేరు మీద ఏ కాగితమూ లేదమ్మా, మీ ఆయన్ని పిలుచుకుని రా’ అన్నారట. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు.

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పిచ్చింది. భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో, ఇల్లు చూసుకున్న భార్యకి సగం వాటా ఉందని. ఆమె ఇల్లు మోయబట్టే అతను బయటికెళ్లి సంపాదించగలిగాడు, ఆ పని కూడా పెట్టుబడే అని. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి మన రాష్ట్రంలో గృహిణులకి నెలకి వెయ్యి రూపాయల ‘మగళిర్ ఉరిమై తొగై’ ఇస్తున్నారు. ‘ఉరిమై’ అంటే హక్కు. సాయం అనలేదు, హక్కన్నారు. ఆ మాట నాకు నచ్చింది, వెయ్యికి 299 నిమిషాల లెక్క కడితే నిమిషానికి పన్నెండు పైసలు కూడా రాదనుకోండి, అది వేరే సంగతి.

పెద్దమ్మ దగ్గర ఇంకోటి చూశాను, దాచకుండా రాయాలి. ఆమె దగ్గర పనిచేసే ఆరుగురిలో ఒకామె తెల్లారి మూడింటికి వస్తుంది. ఆమెకి ఏడాది పిల్ల. ఆ పిల్లని తొమ్మిదేళ్ల పెద్దకూతురు చూసుకుంటుంది. రాత్రి నిద్ర చాలక ఆ పిల్ల బడికి వారంలో రెండురోజులు పోదు. పెద్దమ్మ అంబత్తూరు మేడమ్ కన్నా చాలా చిన్న వ్యాపారి. కానీ కథ ఒకటే. మా తాత చిల్లర అంగడిలో పాత తక్కెడ ఉండేది. ఒక తట్ట తేలిగ్గా ఉంటే దానికి ఒక రాయి ముక్క కట్టేవాడు. దాన్ని పాసంగం అంటారు. చూసేవాళ్లకి తక్కెడ సమంగా కనబడుతుంది. బ్యాలెన్స్ చేస్తున్నారా అని అడుగుతామే, ప్రతి ఇంట్లోనూ ఎక్కడో ఒక పాసంగం కట్టి ఉంటుంది. మేడమ్‌గారికి అత్తగారు, వంటామె. వంటామె ఇంట్లో ఇంకెవరో. అక్కకి మా అమ్మ. పెద్దమ్మ పనామెకి తొమ్మిదేళ్ల పిల్ల. ఆ వరుసలో నాకు ఒక్క మగవాడు కూడా తగల్లేదు.

ఇది చెప్పి పెద్దమ్మతో గొడవపడ్డాను. “నువ్వు చదువుకున్నావు, నువ్వు జెప్పు, నేనేం జెయ్యాల?” అంది. నాకు జవాబు రాలేదు. వారం తర్వాత ఆమే ఒక పని చేసింది. ఆ పనామెకి పొద్దుటి ప్యాకింగ్ తీసేసి సాయంత్రం రుబ్బే పని ఇచ్చింది. ప్యాకింగ్‌కి పెద్దనాయనని, మా అన్నని లేపింది. మా అన్న మొహం మీరు చూడాల్సింది.

ఇక గడియారం సంగతి. మా ఇంట్లో అమ్మ 4.45కి లేస్తుంది. వారం రోజులు నేను రాసుకున్న లెక్కలో ఆమె ఇంటిపని రోజుకి ఆరు గంటలు దాటింది. పైగా మధ్యాహ్నం ఆమె ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తుంది. నాయన పని, నీళ్ల క్యాను తేవడంతో సహా, ఇరవై నిమిషాలు. అన్నది ఆ వారం సున్నా, అది పిండి ప్యాకింగ్ ముందు వారం. నాది ముప్పై ఐదు నిమిషాలు. మహిళా నాయకత్వం మీద సెమినార్‌లో లేచి ప్రశ్న అడిగిన నాది! పరీక్షలప్పుడు అదీ లేదు. అమ్మ చూసుకుంటుందిలే అనుకున్నాను, మాట బయటికి కూడా అనలేదు. నేను రేపు ఏదో కంపెనీలో పెద్ద కుర్చీలో కూర్చుంటే, అక్కడెవరో పిల్ల లేచి ఇల్లెలా చూసుకుంటున్నారని అడిగితే, ‘మా అమ్మ ఉంది, అదృష్టం’ అనే మనిషినే నేనూ అవుతానని భయం వేసింది.

కాగితం అమ్మకి చూపించాను. ఆమె అంకెలు చూసి, “ఆదివారం తక్కువ రాసినావే, అవ్వకి తలంటు పోసింది మర్చిపోయినావు” అంది. అంతే. ఇప్పుడు రాత్రి గిన్నెలు నావి, పొద్దున నీళ్లు పట్టడం, చెత్త అన్నవి. నాయనకి ఇంకా ఏమీ కుదరలేదు, మాట్లాడుతూ ఉన్నాం. మూడు వారాలైంది. అన్న నాలుగు రోజులు ఎగ్గొట్టాడు. నేను రెండు.

అక్క వాళ్ల బ్యాంకులో ప్రమోషన్ నోటిఫికేషన్ మళ్లీ జనవరిలో రావొచ్చంటున్నారు. ఈసారి ఫారం ఇంట్లో అందరి ముందు పెట్టి మాట్లాడదామని బావతో నేనే అన్నాను. ‘నీ ఇష్టం’ అనకండి, నేనేం చేస్తాను అని చెప్పండి అన్నాను. ఆయన కొంచెం నొచ్చుకున్నారు. ఆలోచిస్తానన్నారు. ఏమవుతుందో నాకు తెలియదు.

వచ్చే నెల కామర్స్ వాళ్ల సభకి బట్టల ఎగుమతి వ్యాపారం చేసే ఒకాయన వస్తున్నారు. ఎగుమతుల గురించి అడగాల్సినవి అడుగుదాం. చివర్లో నేను లేస్తాను. ‘సర్, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు? పిల్లాడికి జ్వరమని ఫోనొస్తే ఎవరు పోతారు? మీ ఫ్యాక్టరీలో యాభై మందికి పైగా ఉన్నారు కదా, పిల్లల గది ఉందా?’ మూడూ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. ఒంటరిగా లేవాలంటే కాళ్లు వణుకుతాయి. మీలో ఇద్దరు ముందు వరుసలో నా పక్కన కూర్చోండి. నేను అడిగేటప్పుడు నవ్వకుండా ఉంటే చాలు.

— బీకాం రెండో ఏడు, తెలుగు విభాగం విద్యార్థిని